మంచం పట్టె మీద జాన

గార్డు మళ్ళీ ఈల వేశాడు.

పెట్టెలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో టీ గ్లాసు. ఒక కాలు గదిలో, ఒక కాలు బయట. లోపలి కాలు కూడా మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"టీ తెచ్చాను బావా."

ఈల.

"పంచదార తక్కువే వేసింది మీ చెల్లెలు."

ఈసారి ఈల పొడుగ్గా వచ్చింది. వీధిలో పోతున్న సైకిలు మనిషి ఒకడు బ్రేకు వేసి అటూ ఇటూ చూశాడు.

గార్డు అంటే పెట్టెలాయన భార్యకి సొంత అన్న. రైలు గార్డుగా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగం పోయింది, జెండాలు పోయాయి, ఈల మాత్రం మెడలో మిగిలింది. కడుపులో గడ్డ ఉందన్నారు. ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరాలి, రేపు పొద్దున్నే ఆపరేషను. భార్య పోయిన మనిషి, ఇంట్లో ఒంటరిగా ఎందుకని చెల్లెలు తీసుకొచ్చి ముందు గదిలో పడుకోబెట్టింది. నిన్న సాయంత్రం దాకా అంతా బాగానే ఉంది.

పెట్టెలాయన టీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. భార్య పెనం మీద రొట్టె తిప్పుతోంది. వెనక్కి తిరగలేదు.

"కొలిచారా, లేదా? అది చెప్పండి."

"కొలవలేదు. చెయ్యి పెట్టాను."

"ఎక్కడ పెట్టారు?"

"మంచం పట్టె మీద."

"పెట్టి?"

"జరిపాను."

"ఎలా జరిపారు?"

పెట్టెలాయన గోడ మీద బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించాడు. "ఇలా."

"దాన్నే కొలవడం అంటారు!"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిన్న సాయంత్రం బావ పక్కన మోకాళ్ళూని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మంచి ప్రార్థనే. నోరు దేవుడితో మాట్లాడుతోంది. కుడి చెయ్యి మాత్రం తనకి తెలిసిన పని తాను చేసుకుపోయింది. శవపేటికలు చేసే చెయ్యి. పొడుగ్గా పడుకున్న మనిషి పక్కన దానికి వేరే పని తెలియదు. తలగడ దగ్గర ఒక జాన వేసింది. దాని పక్కన ఇంకో జాన. మోకాలి దాకా వచ్చేసరికి గార్డు ఒక కన్ను తెరిచాడు.

అప్పటినుంచీ ఈల.

"మీ చెయ్యే మీ మాట వినకపోతే, మీ ప్రార్థన ఇంకెవరు వింటారండీ?" అంది భార్య.

పెట్టెలాయన బావకి తెచ్చిన టీ తనే తాగాడు. పంచదార నిజంగానే తక్కువైంది.

అంతలో వీధిలోంచి గట్టిగా కేక వినబడింది. "వందనాలు బ్రదర్! వందనాలు సిస్టర్!"

సంఘపెద్ద వచ్చాడు. పక్క వీధిలో కలప డిపో ఆయనదే. తెల్లచొక్కా, నున్నగా దువ్విన జుట్టు. వెనకాల ఒక కూలి, కూలి భుజం మీద పొడుగాటి పలక. ముందు గది దాటుతుంటే గార్డు అలవాటు కొద్దీ ఈల వేశాడు. సంఘపెద్ద ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మీకు కాదండీ, నాకు," అన్నాడు పెట్టెలాయన.

పలకని పని కొట్టంలో బల్ల మీద దింపించారు. పెట్టెలాయన చూపు దాని మీద పడింది. ఇంక అక్కడినుంచి కదలలేదు. పాత టేకు. ఎక్కడో పెద్ద ఇల్లు పడగొడితే వచ్చిన దూలాన్ని కోయించిన పలక. అంత వెడల్పులో ఒక్క ముడి లేదు, ఒక్క పగులు లేదు.

"వాసన చూడు," అన్నాడు సంఘపెద్ద.

పెట్టెలాయన వంగి వాసన చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

"మన కొత్త మందిరానికి గోడలు లేచాయి, కప్పు పడింది. ఇంక ప్రసంగ పీఠం ఒక్కటే బాకీ. అది నువ్వే చెయ్యాలి బ్రదర్. పీఠం అయ్యాక బల్లలు, తలుపులు, కిటికీలు. ఇంక నువ్వు ఆ పెట్టెలు చేసే పనే ఉండదు. రాత్రి ప్రార్థనలో దేవుడు నాకు చూపించాడు."

"నాకు చూపించలేదేమండీ?"

"నువ్వు ఎప్పుడు చూసినా ఆసుపత్రిలో ఉంటావు. దేవుడికి ఎక్కడ దొరుకుతావు?"

భార్య కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"చేస్తారండీ. ఎందుకు చెయ్యరు!" అంది.

"ఒక్కటే మాట సిస్టర్." సంఘపెద్ద గొంతు తగ్గించాడు. "ఆ ఆసుపత్రి తిరుగుళ్ళు ఇవాళ్టితో మానెయ్యాలి. జనం నొచ్చుకుంటున్నారు. మొన్న ఆడవాళ్ళ వార్డులో ఒకావిడ ఈయన్ని చూసి, సెలైను సూది పీకేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయిందట."

"ఇప్పుడు బాగానే ఉందండీ ఆవిడ," అన్నాడు పెట్టెలాయన.

"అది స్వస్థత కాదు బ్రదర్. పరుగు."

"నేను వెళ్ళేది ఊరికే కూర్చోవడానికేనండీ."

"అదే నేనూ అంటున్నాను. పెట్టెలు చేసేవాడు వచ్చి మంచం పక్కన ఊరికే కూర్చుంటే, మంచం మీద ఉన్నవాడికి ఎలా ఉంటుంది? యువకుల్ని పంపిద్దాం. గిటారు కూడా తీసుకెళ్తారు. నువ్వు దేవుడి ఇంటి పని చూడు. ఏది గొప్ప?"

పెట్టెలాయన మాటలు వెతుక్కున్నాడు. ఆయన దగ్గర మాటలు ఎప్పుడూ తక్కువే. దొరికేలోపు సంఘపెద్ద కళ్ళు మూసేసుకున్నాడు.

"ప్రార్థన చేసుకుందాం."

డిపోలో బేరం ముగించేది కూడా ఆయన ఇలాగేనని అందరికీ తెలుసు. కొనేవాడు కళ్ళు తెరిచేలోపు కలప బండికి ఎక్కి ఉంటుంది.

"ప్రభువా, నీ దాసుడు ఈరోజు నుంచి ఆసుపత్రి గడప తొక్కకుండా, నీ మందిరపు పనికే తన చేతుల్ని అప్పగించుకుంటున్నాడు గనుక నీకు స్తోత్రం. ఆ చేతుల్ని దీవించు. ఆమెన్."

"ఆమెన్!" అంది భార్య, గట్టిగా.

"ఆమెన్," అన్నాడు పెట్టెలాయన.

అనేశాక గానీ తను ఏమన్నాడో తెలియలేదు. చిన్నప్పటినుంచీ ప్రార్థన ఆగిన చోట ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది. ఎవరి ప్రార్థన, ఏమని అడిగారు అని నోరు ఏనాడూ చూసుకోలేదు. కళ్ళు తెరిచేసరికి సంఘపెద్ద ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

"నిన్న చెయ్యి, ఇవాళ నోరు," అనుకున్నాడు పెట్టెలాయన. "ఇంక నాలో నా మాట వినేది ఏముంది?"

సంఘపెద్ద వెళ్ళిపోయాడు. ముందు గదిలోంచి ఈల రాలేదు.

పెట్టెలాయన పలక ముందు నిలబడ్డాడు. పోనీ, ఒక్కసారి చిత్రిక పట్టి చూద్దాం అనుకున్నాడు. చూస్తే తప్పేముంది? పట్టాడు. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా లేచింది. లోపల రంగు ఎర్రగా, తడి ఇటుకలాగా మెరిసింది.

ఆయన చేసిన పని ఏదీ భూమి మీద లేదు. అంతా కిందే ఉంది. మూలలు ఎంత బాగా కుదిర్చినా, అంచులు ఎంత నున్నగా తీసినా, పొద్దున చేస్తే సాయంత్రానికి మట్టి కప్పేస్తారు. పెట్టె సౌకర్యంగా ఉందని తిరిగొచ్చి చెప్పినవాడు ఒక్కడూ లేడు. అదే ప్రసంగ పీఠమైతే తను పోయాక కూడా నిలబడి ఉంటుంది. పాస్టరుగారు దాని మీద చెయ్యి ఆనించి వాక్యం చెబుతారు. పిల్లలు ఆ చెక్కడాన్ని చూస్తూ కునుకు తీస్తారు. ఎంత బాగుంటుంది!

ఆ ఆసుపత్రి సంగతి ఆయన ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. ఒకసారి తనే జ్వరంతో మంచాన పడ్డాడు. సంఘంలో ఎవరూ తొంగి చూడలేదు. పెట్టెలాయనకి చావంటే భయమేమిటి అనుకున్నారు. ఆయనకి చచ్చేంత భయం వేసింది. పక్కన ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదు అనిపించింది. జ్వరం దిగింది. లోపల ఒక మాట మిగిలిపోయింది. వెళ్ళి కూర్చో.

"నేనా ప్రభువా? నన్ను చూస్తే జనం పారిపోతారు," అన్నాడు.

జవాబు రాలేదు. ఆ మాట మాత్రం పోలేదు. అందుకని వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాడు. కొందరు నిజంగానే పారిపోయారు. పారిపోలేనివాళ్ళు కాసేపటికి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

చిత్రిక ఆగింది. సాతాను శోధన కొమ్ములు పెట్టుకుని వస్తే ఎవరైనా గుర్తుపడతారు. వందనాలు అంటూ, టేకు మోయించుకుని వస్తే ఎలా పట్టుకోవడం?

అప్పుడు ముందు గదిలోంచి చిన్న ఈల వచ్చింది. కోపం లేని ఈల. మళ్ళీ ఇంకోటి, అలాంటిదే.

పెట్టెలాయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"రావయ్యా," అన్నాడు గార్డు, గోడ వైపు తిరిగే. "చేతులు వెనక్కి పెట్టుకుని రా."

పెట్టెలాయన చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు.

"గోడ పల్చన. అంతా విన్నాను."

"ఊఁ."

"ఆమెన్ అన్నావు."

"వచ్చేసింది బావా."

"అయితే మధ్యాహ్నం నాతో రావన్నమాట."

"నువ్వే రావద్దన్నావుగా. పొద్దుట్నుంచీ ఊదుతూనే ఉన్నావు."

"అది వేరు. నేను వద్దంటే నువ్వు రాకపోవడం వేరు, ఆయన వద్దంటే నువ్వు రాకపోవడం వేరు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

గార్డు ఇటు తిరిగాడు. గడ్డం మాసి ఉంది. "నిన్న నువ్వు కొలిచింది తప్పు," అన్నాడు. "మోకాళ్ళు మడిచి పడుకున్నాను. తీరా చేశాక కాళ్ళు బయటికొస్తాయి."

పెట్టెలాయనకి నవ్వాలో వద్దో తెలియలేదు. "మడిచావని తెలిసిందిలే. కలిపి లెక్కేశాను."

గార్డు నవ్వేశాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. నొప్పి వచ్చి ఆగాడు.

"నీకేదైనా తెలిసి కొలిచావా? నిజం చెప్పు."

"ఏమీ తెలీదు బావా. నాకు మనిషి పొడుగు తప్ప ఇంకేం తెలీదు."

"చెల్లెలు ఏమీ కాదంటుంది. డాక్టరు ఏమీ కాదంటాడు. నిన్న పాస్టరుగారు ఫోను చేసి, ఏమీ కాదు, విశ్వాసం ఉంచండి అని పెట్టేశాడు. ఏమైనా అయితే ఎలాగ అని అడుగుదామంటే ఎవడూ ఆ మాట నోట్లోంచి రానివ్వడు. ఈ ఊళ్ళో మనుషులు పోతారని నమ్మేవాడివి నువ్వొక్కడివే." గార్డు మెడలో ఈలని పట్టుకున్నాడు. "నాకు భయంగా ఉందయ్యా. మా ఆవిడ పోయినప్పుడు దానికి పెట్టె నువ్వే చేశావు. మా ఇంట్లో అన్నిటికీ వంక పెట్టిన మనిషి, ఆ పెట్టెకొక్కదానికే పెట్టలేదు."

పెట్టెలాయన చేతులు వెనక నుంచి ముందుకొచ్చాయి. గార్డు వాటి వంక అనుమానంగా చూశాడు. తర్వాత తనే ఒకటి అందుకుని పట్టుకున్నాడు.

"లోపలికి తీసుకెళ్ళేదాకా పక్కన ఉండు. ప్రార్థన చేస్తే చెయ్యి, లేకపోతే లేదు. ఊరికే ఉండు."

పెట్టెలాయన చెయ్యి విడిపించుకోలేదు.

వంటింట్లోకి వచ్చేసరికి భార్య పీట మీద కూర్చుని ఉంది. పెనం మీద రొట్టె మాడిపోతోంది. ఆవిడ చూడటం లేదు. ఆయనే దించాడు.

"అన్నయ్య రమ్మన్నాడా?"

"రమ్మన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"మీరెప్పుడేమన్నారు గనుక!" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్ను ఏమని పిలుస్తారో తెలుసా మీకు? పెట్టెలామె. స్త్రీల కూటంలో నా పక్కన కూర్చోవాలంటే, ముందు వాళ్ళ ఇంట్లో అందరూ బాగున్నారో లేదో చూసుకుని కూర్చుంటారు. ఒకావిడకి తుమ్ము వచ్చి, నన్ను చూసి ఆపుకుంది. ఆపుకునేసరికి పొలమారింది. నీళ్ళు నేనే ఇచ్చాను."

"ఊఁ."

"ఒక్క ఆదివారం, ఒక్కటంటే ఒక్క ఆదివారం, మందిరంలో కూర్చుని, అదిగో అది మా ఆయన చేశాడు అనుకోవాలని ఉంది నాకు. అది పాపమా?"

"కాదు," అన్నాడు పెట్టెలాయన. "నాకూ ఉంది."

అది ఆవిడ అనుకోని మాట. తలెత్తి చూసింది. మొగుడి కళ్ళలో నీళ్ళు చూసి చాలా కాలమైంది. పొట్టు పడిందేమో అనుకుందామనుకుంది గానీ, అలా అనుకోలేకపోయింది.

"మంచి పలకండీ అది," అంది నెమ్మదిగా.

"చాలా మంచి పలక."

"ఇచ్చేస్తారా?"

"దేవుడు పిలిచింది దీనికి కాదే. ఇది కావాలని నాకుంది, అంతే. పిలిచింది ఆసుపత్రికి."

ఆవిడ లేచి మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది.

"మీరే వెళ్ళి చెప్పుకోండి. నేనూ ఆమెన్ అన్నాను. నాది నేను మనసారా అన్నాను, వెనక్కి తీసుకోలేను. మీది మీరు తీసుకోండి." కాస్త ఆగి, "ఆసుపత్రి బండి వస్తే అన్నయ్యని ఎక్కించి, డిపో ముందు ఆపిస్తాను. అక్కడే ఎక్కండి. ఆలస్యం చేశారంటే ఆయన ఈలతో వీధంతా లేస్తుంది," అంది.

పెట్టెలాయన పలకని భుజానికెత్తుకుని బయల్దేరాడు. వీధిలో ఒకాయన ఎదురై, పలక చూసి, ఆయన వచ్చిన ఇంటివైపు చూసి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఎవరూ పోలేదండీ," అన్నాడు పెట్టెలాయన, ఆగకుండానే.

డిపోలో మధ్యాహ్నం కాబట్టి పనివాళ్ళు లేరు. రంపం ఆగి ఉంది. సంఘపెద్ద దుంగల మధ్య కుర్చీ వేసుకుని ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. పలకని చూసి లేవలేదు.

"ఏమిటి, నచ్చలేదా?"

"నచ్చిందండీ. అందుకే తెచ్చేశాను," అంటూ పెట్టెలాయన పలకని గోడకి ఆనించాడు.

"నాకర్థం కాలేదు."

"ఇంట్లో ఉంటే నేను పీఠం చేసేస్తాను. ఆసుపత్రి మానేస్తాను. మానలేనండీ."

"బ్రదర్! ఆమెన్ అన్నావు. నా చెవులతో విన్నాను."

"అన్నానండీ. తప్పే. దేవుడి దగ్గర వేరేగా ఒప్పుకుంటాను. మీ దగ్గర ఇప్పుడు ఒప్పుకుంటున్నాను."

"దేవుడి మందిరం పని కాదంటున్నావు. ఎంతమంది కాళ్ళు పట్టుకుని అడుగుతున్నారో తెలుసా ఆ పని కోసం?"

"వాళ్ళకివ్వండి. బాగా చేస్తారు. అంచులు మాత్రం చూసి చేయించండి."

సంఘపెద్ద మొహం ఎర్రబడింది. ఏదో అరవబోయాడు. మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు. దుంగల వంక చూశాడు.

"అయితే రేపు కూడా ఆసుపత్రిలో ఉంటావా?" అన్నాడు.

"ఉంటానండీ. మా బావకి ఆపరేషను."

"ఎల్లుండి?"

"ఎల్లుండీ ఉంటాను."

"ఏ అంతస్తులో తిరుగుతావు నువ్వు?"

"అన్నిట్లోనూ తిరుగుతానండీ. ఎందుకు?"

సంఘపెద్ద లేచి వెళ్ళి డిపో తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. వచ్చి కూర్చుంటే కుర్చీ కిర్రుమంది.

"గుండె పరీక్ష చేయించుకున్నాను," అన్నాడు. "వెంటనే వచ్చి చేరమన్నారు. ఇంట్లో చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. వెళ్దామని రోజూ బట్టలు సర్దుకుంటున్నాను. ఆ మంచం మీద పడుకున్నాక నువ్వు తలుపు తీసుకుని లోపలికొస్తావని గుర్తొచ్చి, మళ్ళీ బట్టలు సంచీలోంచి తీసేస్తున్నాను."

పెట్టెలాయన నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"అందుకా పీఠం?"

"దేవుడు చూపించాడన్నది కూడా..." సంఘపెద్ద చెయ్యి అడ్డంగా ఊపాడు. "నేనే చూసుకున్నాను."

ఆయనెప్పుడూ ఇంత చిన్న మాటలు మాట్లాడగా పెట్టెలాయన వినలేదు. ఒక దుంగ మీద కూర్చున్నాడు.

బయట బండి వచ్చి ఆగింది. హారను మోగింది. వెంటనే భార్య గొంతు వినబడింది. "ఏవండీ! అన్నయ్య ఎదురు చూస్తున్నాడు!"

సంఘపెద్ద చటుక్కున పెట్టెలాయన మణికట్టు పట్టుకున్నాడు. "వెళ్ళకు. కాసేపు కూర్చో."

"వెళ్ళాలండీ."

"మరి నేను?"

"లేవండి. బండిలో చోటుంది."

"ఇప్పుడా? ఆ బండిలోనా? ఎవరైనా చూస్తే?"

"నా పక్కన కూర్చోండి. ఇంక మిమ్మల్ని ఎవరూ చూడరు. నన్నే చూస్తారు."

సంఘపెద్ద మూసిన తలుపు వంక చూశాడు. పెట్టెలాయన వంక చూశాడు. బయట హారను మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా.

సంఘపెద్ద కుర్చీలోంచి సగం లేచాడు. మణికట్టు వదలకుండానే, ఆ సగంలోనే ఆగిపోయాడు.